పదమూడున్నర సెకన్లు

ఆశీర్వాదం పనిచేసిన కాలేజీలో భూమ్యాకర్షణ విలువ ఎప్పుడూ తొమ్మిది వందల ఎనభయ్యే. ఇరవై ఎనిమిదేళ్ళలో ఏ విద్యార్థికీ తొమ్మిది వందల యాభై రాలేదు, వెయ్యీ రాలేదు. లోలకం గుండు సొట్టపడినా, దారం పురికొసైనా, స్టాప్‌వాచీ మధ్యలో కునుకు తీసినా సరే, రికార్డు పుస్తకంలో మాత్రం ఆ విలువ తొమ్మిది వందల ఎనభై దగ్గరికి బుద్ధిగా వచ్చి కూర్చునేది. ఇందులో భూమి గొప్పతనం ఏమీ లేదు. అంతా ఆశీర్వాదం చలవ.

తణుకు ఊరి చివర ఓ ఎయిడెడ్ డిగ్రీ కాలేజీ అది. పేరెందుకు లెండి. అందులో ఫిజిక్స్ ల్యాబు అటెండరు ఆశీర్వాదం. ప్రాక్టికల్ పరీక్షల రోజు బయటి కాలేజీ నుంచి ఎక్స్‌టర్నల్ గారు వచ్చి, టిఫిను తిని, ఫ్యాను కింద కూర్చునేలోపు ప్రతి బల్ల దగ్గరా ఒక చీటీ ఉండేది. ఆ చీటీలో రీడింగులు ఉండేవి. అందరికీ ఒకే అంకెలు రాసిచ్చేవాడు మొరటువాడు. ఆశీర్వాదం ఒక్కొక్కరికీ దశాంశం తర్వాత తేడా పెట్టేవాడు. జవాబు దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కకట్టి, చివర్లో కాస్త తప్పు కలిపేవాడు. మరీ సరిగ్గా వస్తే పెద్దలకి అనుమానం వస్తుంది, తప్పు కూడా ఉప్పులా తగినంత పడాలి అని ఆయన సిద్ధాంతం. దీన్ని ఆ కాలేజీలో ఎవరూ అబద్ధం అనలేదు. సాయం అన్నారు. డిపార్టుమెంటు హెడ్డు మణిశంకర్ గారు ఏటా పరీక్షల ముందు ఒకే ఒక మాట అనేవారు: "నువ్వు చూసుకో ఆశీర్వాదం, నీకు తెలీనిదా."

తమాషా ఏమిటంటే, ఆ భవనం మొత్తంలో నిజంగా రీడింగ్ తీయగలిగిన చెయ్యి ఆయనదొక్కటే. పాడైపోయిన స్క్రూగేజీ ఆయన చేతిలో బాగుపడేది. పదేళ్ళ కిందట ఏదో గ్రాంటు వస్తే ఎనిమిది అంగుళాల టెలిస్కోపు కొన్నారు. కొబ్బరికాయ కొట్టారు, అప్పటి ప్రిన్సిపాల్ గారు చంద్రుణ్ణి చూసి "బాగుంది" అన్నారు, అంతే. మర్నాటి నుంచి దాని మీద పాత దుప్పటి. ఆ దుప్పటి తీసి, తుడిచి, అద్దాలు సరిచేసి, సాయంత్రాలు డాబా మీద ఆకాశాన్ని వెతికింది ఆశీర్వాదం ఒక్కడే. శనిగ్రహం వలయాన్ని భార్య రూతుకి చూపించాడు, వాచ్‌మన్‌కి చూపించాడు. లెక్చరర్లని పిలిస్తే "ఇంకోరోజు చూద్దాంలే" అన్నారు.

ఆయనకి ఉన్న బాధ ఒక్కటే. కాలేజీ స్వర్ణోత్సవాలకి వేసిన సంచికలో సిబ్బంది ఫొటో ఉంది. ముందు కూర్చున్నవాళ్ళందరి పేర్లూ డిగ్రీలతో సహా వేశారు. నిలబడ్డవాళ్ళ దగ్గరికొచ్చేసరికి 'వెనుక వరుస: బోధనేతర సిబ్బంది' అని ఒక్క ముక్కలో తేల్చారు. రూతు ఆ పేజీ మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా వెతికి, "మీ పేరేదండీ?" అంది. ఆయన ఆ సంచిక మూసేశాడు. ఎక్కడైనా, ఏ మూలైనా సరే, తన పేరు అచ్చులో చూసుకుని రిటైరవ్వాలని ఆ రోజు అనుకున్నాడు. చిన్న కోరికే. చిన్న కోరికలు తీరకపోతేనే ఎక్కువ మండుతుంది.

ఇంక ఐదు నెలల్లో రిటైర్మెంటు అనగా, మూడేళ్ళ కిందట జనవరిలో, బెంగళూరు నుంచి ఫోనొచ్చింది.

"ఆశీర్వాదం గారూ, నేనండీ, హరిచందనని. వేల్పూరు నుంచి వచ్చేదాన్ని, గుర్తున్నానా?"

గుర్తులేకేం. ఆ కాలేజీలో బీఎస్సీ చదివి, ఎక్కడెక్కడో పై చదువులు చదివి, ఇప్పుడు ఒక పరిశోధన సంస్థలో సైంటిస్టు అయింది. ఆ అమ్మాయి హెడ్డు గారికి కాకుండా నేరుగా తనకి ఫోన్ చేసిందంటే ఆశీర్వాదం ఛాతీ అంగుళం పెరిగింది. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ఒక మరుగుజ్జు గ్రహం లాంటిది ఒక నక్షత్రానికి అడ్డం రాబోతోందనీ, శ్రీకాకుళం నుంచి ఒంగోలు దాకా ఊరూరా మనుషుల్ని పెట్టి దాన్ని చూడాలనీ, తణుకులో ఆయన చూడాలనీ చెప్పింది.

"అలాగేనమ్మా. కానీ ఓ సందేహం. ప్లూటోని గ్రహాల్లోంచి తీసిపారేశారు కదా. తీసేసినవాటి మీద మళ్ళీ ఇంత తాపత్రయం ఏంటి?"

హరిచందన నవ్వింది. "తీసిపారెయ్యలేదండీ, వేరే పంక్తిలో కూర్చోబెట్టారు. సూర్యుడి చుట్టూ తిరగాలి, తన బరువుకి తనే గుండ్రంగా ముద్దకట్టేంత పెద్దదై ఉండాలి. ఈ రెండూ గ్రహాలకీ ఉన్నాయి, వీటికీ ఉన్నాయి. తన దారిలో ఉన్న రాళ్ళూ రప్పలూ ఊడ్చేసుకుని దారంతా తనదే చేసుకునే బలం మాత్రం వీటికి లేదు. అందుకని మరుగుజ్జు గ్రహాలన్నారు. ప్లూటో, ఏరిస్, హౌమియా, మాకేమాకే, ఇటు గురుడికి ఇవతల సిరీస్. ఇప్పటికి ఈ ఐదింటినే ఒప్పుకున్నారు. ఇంకా తేలాల్సినవి బోలెడున్నాయి. మనం చూసేది వాటిల్లో ఒకటి. దానికి పేరు కూడా లేదు, నంబరే."

"తేలితే ఏమొస్తుందమ్మా?"

"అట్టుని చూసి పిండి ఎలా ఉండేదో చెప్పగలరా? చెప్పలేం కదా. గిన్నె అంచుకి అంటుకున్న పిండిని చూడాలి. మన భూమి కరిగి, కాలి, మారిపోయింది. దాని చిన్నతనం దానికే గుర్తులేదు. ఇవి అంత దూరంలో, ఆ చలిలో, నాలుగున్నర వందల కోట్ల ఏళ్ళ కిందటి సరుకుని దాచుకుని కూర్చున్నాయి. గ్రహాలు ఎలా ముద్దకట్టాయి, దేన్ని ఏది గుద్దింది, నీళ్ళు ఎక్కడివి అన్నదానికి సాక్ష్యం అక్కడుంది. కానీ ఎంత పెద్ద టెలిస్కోపులో చూసినా అవి చుక్కలేనండీ. అందుకని ఈ నీడ పద్ధతి. అది నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు దాని నీడ మన మీంచి వెళ్తుంది. నీడలో ఉన్న ఊళ్ళో నక్షత్రం కొన్ని సెకన్లు ఆరిపోతుంది. ఏ ఊళ్ళో ఎన్ని సెకన్లు ఆరిందో గీతలు గీసి ఒకదాని కింద ఒకటి పేరిస్తే దాని ఆకారం బయటపడుతుంది."

ఆశీర్వాదానికి ఒక్కసారి వింటే చాలు, అర్థమైపోయింది. కెమెరాలు నాలుగే ఉన్నాయిట, అవి ముఖ్యమైన చోట్లకి పోయాయిట. తణుకు నీడ అంచున ఉంది కాబట్టి ఇక్కడ కన్నూ, స్టాప్‌వాచీ చాలుట.

"చూసినవాళ్ళందరి పేర్లూ మా పరిశోధన పేపర్లో వేస్తామండీ," అంది హరిచందన.

"అటెండరు పేరు కూడానా అమ్మా?"

"అందులో అటెండర్లూ లెక్చరర్లూ ఉండరండీ. చూసినవాళ్ళే ఉంటారు." ఇంకో మాట కూడా చెప్పింది. "నక్షత్రం ఆరకపోతే ఆరలేదనే రాయండి. అదీ మాకు అంతే ముఖ్యం. మొహమాటపడకండి."

గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగినవాడికి ఈ మాట ఎలా వినబడుతుందో చెప్పాలి. ఇక్కడ భోజనానికి పిలిచి "మా ఇంట్లో ఏముందండీ, పచ్చడి మెతుకులే" అంటారు, వెళితే విస్తట్లో చెయ్యి పెట్టడానికి చోటుండదు. శుభలేఖ ఇచ్చి "కానుకలేమీ వద్దండీ, మీరొస్తే చాలు" అంటారు, ఉత్త చేతుల్తో వెళ్ళినవాణ్ణి పదేళ్ళు గుర్తుపెట్టుకుంటారు. మర్యాద అంటే అది. కాబట్టి ఆ పిల్ల పెద్దింటి మర్యాద కొద్దీ అలా అందని ఆశీర్వాదం అనుకున్నాడు. ఏమీ కనబడలేదని రాసినవాడి పేరు ఎవరైనా అచ్చేస్తారా? ఆయన తెలివిగలవాడే. ఆ తెలివే కొంప ముంచింది.

డాబా తాళం కోసం మణిశంకర్ గారి దగ్గరికి వెళ్ళక తప్పలేదు. హెడ్డు గారు విషయం విన్నారు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మార్చిలో కాలేజీకి గ్రేడు ఇవ్వడానికి కమిటీ వస్తోంది. డిపార్టుమెంటులో పరిశోధన ఏం చేశారు అన్న గడి పన్నెండేళ్ళుగా ఖాళీ.

"మంచిదేనయ్యా. మన కాలేజీ తరఫున అన్నప్పుడు హెడ్డు పేరు ముందుండాలి కదా. పద్ధతి. నీ పేరు తర్వాత వేయిద్దాం."

"మీ ఇష్టం సార్," అన్నాడు ఆశీర్వాదం. రెండో పేరైనా పేరే.

ఇరవై రోజులు సాధన చేశాడు. ఇంటి వరండా చివర రూతు టార్చిలైటు పట్టుకుని అరచేత్తో మూస్తూ తీస్తూ ఉండేది, ఈ చివర నుంచి ఈయన స్టాప్‌వాచీ నొక్కేవాడు. మొదట్లో అర సెకను ఆలస్యమయ్యేది. చివరికొచ్చేసరికి ఆ తేడా సగానికి తగ్గింది. "పిచ్చి ముదిరింది" అని రూతు విసుక్కుంది కానీ టార్చి మాత్రం వదల్లేదు. పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళలో ఆయన్ని అంత హుషారుగా ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

ఆ రోజు రానే వచ్చింది. ఏడూ ఇరవైకి ముహూర్తం. ఆరింటికే మణిశంకర్ గారు పట్టుచొక్కాలో, వెనక ఫొటోగ్రాఫరుతో డాబా ఎక్కారు. అట్నుంచటు ఉండ్రాజవరంలో బంధువుల పెళ్ళికి వెళ్ళాలి. టెలిస్కోపుకి కన్ను ఆనించి, ఒక చెయ్యి నడుం మీద పెట్టి నిలబడ్డారు.

"సార్, ఇంకా మూత తియ్యలేదండి," అన్నాడు ఆశీర్వాదం.

"ఫొటోకే కదయ్యా," అన్నారు హెడ్డు గారు కన్ను తియ్యకుండానే. నాలుగు ఫొటోలయ్యాక మెట్లు దిగి వెళ్ళిపోయారు.

ఆకాశం కడిగినట్టుంది. ఆశీర్వాదం నక్షత్రాన్ని పట్టుకున్నాడు. కాస్త ఎర్రటి చుక్క. పక్కన రూతు స్టూలు మీద కూర్చుని సెల్‌ఫోనులో టైము చూసి నిమిషం నిమిషం చెబుతోంది. ఏడూ పదిహేను. ఏడూ పద్దెనిమిది. మెడ మీద దోమలు కుడుతున్నా ఆయన కదల్లేదు. ఏడూ ఇరవై. బొటనవేలు మీట మీద బిగుసుకుంది. చుక్క వెలుగుతూనే ఉంది. ఏడూ ఇరవై ఒకటి, ఇరవై రెండు. వెలుగుతూనే ఉంది. ఏడున్నర దాకా చూశాడు. రెప్ప వేసినంత సేపు తప్పించి ఆ చుక్క ఆయన కంటిలోంచి పోలేదు, ఒక్క పిసరు కూడా మసకబారలేదు. ఆయన జన్మలో అంత నిఖార్సైన రీడింగ్ ఎప్పుడూ తీయలేదు. ఆ కాలేజీలోనే ఎవరూ తీయలేదు.

"ఏమైందండీ?" అంది రూతు.

"ఆరలేదే," అన్నాడు ఆశీర్వాదం. ఏడుపొక్కటే తక్కువ.

చూసినవాళ్ళ వాట్సాప్ గ్రూపులో అప్పుడే సంబరాలు మొదలయ్యాయి. శ్రీకాకుళం: ఇరవై తొమ్మిది సెకన్లు. తుని: ఇరవై రెండు. పెద్దాపురం: పంతొమ్మిది. పేరు పేరునా చప్పట్ల బొమ్మలు. బందరులో మబ్బు పట్టిందిట, వాళ్ళకి ఏడుపు బొమ్మలు. ఒంగోలు ఎలాగూ నీడకి చాలా దూరం. "తణుకు?" అని ఎవరో అడిగారు. అంతలో ఫోను మోగింది. వెనకాల బాజాభజంత్రీలతో మణిశంకర్ గారు.

"ఏవయ్యా, వచ్చిందా?"

"లేదండి. నక్షత్రం ఆరలేదండి."

"లేదంటే ఏంటయ్యా? పెద్దాపురంలో వచ్చి మనకి రాకపోవడమేంటి? కమిటీ ముందు ఏం పెట్టుకోను, లేదని పెట్టుకోనా?" ఒక్క క్షణం బాజాలు మాత్రం వినిపించాయి. తర్వాత ఆయన గొంతు మెత్తబడింది. "నువ్వు చూసుకో ఆశీర్వాదం. నీకు తెలీనిదా."

ల్యాబు తలుపు తీసి, లైటు వేసి, ఆశీర్వాదం గ్రాఫు కాగితం ముందు కూర్చున్నాడు. శ్రీకాకుళం దగ్గర ఇరవై తొమ్మిది, తుని దగ్గర ఇరవై రెండు, పెద్దాపురం దగ్గర పంతొమ్మిది. ఊళ్ళ మధ్య దూరాలు వేశాడు. మూడు చుక్కల మీంచి చెయ్యి వణక్కుండా ఒక వంపు గీశాడు. గుండ్రటి వస్తువు ఎలా వంగాలో అలాగే వంగింది. ఆ గీత తణుకు మీదికి వచ్చేసరికి పదమూడు దాటి పద్నాలుగుకి ఇవతల తగిలింది. పదమూడున్నర. ఆరిన టైములో పావు సెకను ఆలస్యం కలిపాడు, వెలిగిన టైములో ఇంకాస్త కలిపాడు. చెయ్యి తిరిగిన పనివాడు.

రూతు గుమ్మంలో నిలబడి చూస్తోంది. "ఆరలేదని మీరే కదండీ అన్నారు?"

"నీకు తెలీదు, ఊరుకో."

"ఆరకపోతే ఆరలేదనే రాయమందటగా ఆ అమ్మాయి?"

"మర్యాదకి అంటారే అలా! కనబడలేదన్నవాడి పేరు ఎవడేస్తాడు?"

ఆశీర్వాదం ఆ అంకెల్ని హరిచందనకి పంపించేశాడు. రెండు నిమిషాల్లో హరిచందన నుంచి జవాబొచ్చింది. "అద్భుతం ఆశీర్వాదం గారూ! అంచు తేల్చింది మీరే. గుండ్రంగా ఉందని మీ గీతే చెబుతోంది." ఆయన ఆ మాటలు నాలుగుసార్లు చదువుకున్నాడు. సంతోషం వేసింది, అబద్ధమెందుకు. గొంతులో చేపముల్లు ఉన్నా భోజనం రుచి తెలుస్తూనే ఉంటుంది.

ఏడాది తిరక్కుండా పేపరు అచ్చయింది. ముప్ఫై ఒక్క పేర్లలో తణుకు దగ్గర మణిశంకర్ గారి పేరు, దాని వెనక ఎస్. ఆశీర్వాదం అని ఇంగ్లీషులో. అప్పటికే రిటైరయ్యాడు కాబట్టి సన్మానానికి కబురుపెట్టి పిలిపించారు. శాలువా హెడ్డు గారికి కప్పారు, ఈయనకి పూలగుత్తి ఇచ్చారు. కాలేజీకి ఆ మార్చిలోనే మంచి గ్రేడు వచ్చింది, ఆ తర్వాత మణిశంకర్ గారు ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. ఆదివారం చర్చిలో పాస్టరు గారు ఆరాధన అయ్యాక ఆ సంగతి ప్రకటిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. రూతు మాత్రం ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఆవిడ వైపు చూడకుండా ఉండటానికి ఆశీర్వాదం ఆ వేళంతా బలిపీఠం మీద పూలు చూస్తూ గడిపాడు.

మొన్న నవంబరులో ఒక మధ్యాహ్నం వాళ్ళ వీధిలో ఆటో ఆగింది. హరిచందన దిగింది. ముందుగా ఫోన్ చెయ్యలేదు. చిక్కిపోయింది. రూతు కుర్చీ వేసింది, కాఫీ తెచ్చింది. ఆ అమ్మాయి కాఫీ ముట్టుకోలేదు.

"ఆశీర్వాదం గారూ, ఒకటి అడుగుతాను. మర్యాదకి కాకుండా చెప్పండి."

సంచీలోంచి ఒక కాగితం తీసి ఆయన ముందు పెట్టింది. దాని మీద గుండ్రటి బొమ్మ. గుండ్రం కాదు, ఒక పక్క కత్తితో చెక్కేసినట్టుంది.

"జూన్‌లో అదే వస్తువు ఇంకో నక్షత్రానికి అడ్డం వచ్చిందండీ. దక్షిణ అమెరికాలో పదకొండు చోట్ల నుంచి చూశారు. అన్నీ కెమెరాలే. ఇదీ దాని అసలు ఆకారం. ఎప్పుడో ఏదో గుద్ది ఈ పక్కంతా ఎగిరిపోయింది. అంత పెద్దది అంత దెబ్బ తిని మళ్ళీ గుండ్రంగా సర్దుకోలేదంటే, దెబ్బ తగిలేనాటికే లోపలంతా గడ్డకట్టుకుపోయిందన్నమాట. ఎంత తొందరగా చల్లబడిందో దీన్ని బట్టి లెక్క కట్టొచ్చు. ఇలాంటిది దొరుకుతుందనే కదండీ మేం ఏళ్ళ తరబడి వీటి వెంట పడేది." వేలితో ఆ చెక్కుడు పక్కని చూపించింది. "ఆ రోజు తణుకు మీంచి వెళ్ళింది ఈ పక్కే. మీకు పదమూడున్నర సెకన్లు రావడానికి వీల్లేదు. అసలు ఆరిందా?"

ఆశీర్వాదం కాగితం కేసి చూశాడు. అబద్ధం నోటి దాకా వచ్చింది, అలవాటైన దారి కదా. కానీ ఆ అమ్మాయి కళ్ళు చూసి దాన్ని మింగేశాడు.

"ఆరలేదమ్మా. ఒక్క పిసరు కూడా ఆరలేదు. పావుగంట చూశాను."

హరిచందన కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది.

"ఆ ఒక్క మాట రాసుంటే, అది గుండ్రంగా లేదని ప్రపంచంలో అందరికన్నా ముందు చెప్పింది మీరయ్యేవారు. కెమెరా కూడా లేకుండా, టెలిస్కోపుకి ఆనించిన ఒట్టి కంటితో. మీ పేరు లేకుండా ఆ వస్తువు గురించి ఎవరూ ఒక్క వాక్యం రాయలేకపోయేవారు."

ఆశీర్వాదం ఆ చెక్కుడు పక్కని వేలితో తడిమాడు. "నువ్వు మర్యాదకి అన్నావనుకున్నానమ్మా."

"ఆరలేదనే రాయమని చెప్పాను కదండీ! 'అంతే ముఖ్యం' అని కూడా అన్నాను."

"ఈ ఊళ్ళో ఎన్నిసార్లన్నా మర్యాదకే అంటారమ్మా."

ఆమెకి కోపం వచ్చింది, ఆ వెంటనే అది ఎటుపోవాలో తెలియక ఆమె మీదికే తిరిగింది. "అందులో మిమ్మల్ని అనడానికేముంది. స్పెక్ట్రోమీటర్ ప్రాక్టికల్లో నాకు యాభైకి యాభై వచ్చాయి. చీటీ మీరే ఇచ్చారు. నేను ఆ స్పెక్ట్రోమీటర్‌లోకి ఒక్కసారి కూడా తొంగి చూడలేదు. ఆ చీటీతో సీటు తెచ్చుకుని సైంటిస్టునయ్యాను. తణుకు రీడింగ్ మరీ అందంగా ఉందని మా వాళ్ళు అనుమానిస్తే, ఆయన చెయ్యి నాకు తెలుసు, తప్పు రాదు అని నేనే వాదించాను. ఆ గుండ్రం మీద నా స్టూడెంట్ రెండేళ్ళు పనిచేశాడు. అదంతా ఇప్పుడు చెత్తబుట్టకే."

"ఇప్పుడు నిజం చెప్పాను కదమ్మా. నువ్వు ఇదే రాసెయ్యి. ఆరలేదని, చూసింది ఫలానా అని."

"జవాబు తెలిశాక ఇచ్చిన రీడింగ్‌ని ఎవరు నమ్ముతారండీ?" అంది హరిచందన.

ఇరవై ఎనిమిదేళ్ళు జవాబు తెలిసే రీడింగులు ఇచ్చిన మనిషి ఆయన.

దిద్దుబాటు వెయ్యాలంటే చూసినవాళ్ళుగా పేరున్న ఇద్దరినీ అడగాలిట, రాసిచ్చినవాళ్ళ పేరుతో అది వేస్తారట. ఆమె మణిశంకర్ గారికి ఫోన్ చేసి స్పీకరులో పెట్టింది. సంగతంతా విన్నాక ప్రిన్సిపాల్ గారు గొంతు సవరించుకున్నారు.

"అయ్యో, ఎంత పని జరిగిందమ్మా! నేను ఆ టైముకి డాబా మీద లేనే లేనమ్మా. పెళ్ళిలో ఉన్నాను, కావాలంటే ఫొటోలున్నాయి. అటెండరు రాసిచ్చాడు, నమ్మాం."

"మరి చూసినవాళ్ళలో మీ పేరు ముందుందండీ."

"అది పద్ధతి ప్రకారం వేసింది కదమ్మా. చూడనివాణ్ణి నేనేం దిద్దుతాను? నువ్వు మన కాలేజీ బిడ్డవి. కాలేజీ పేరు బయటికి రాకుండా నువ్వే చూసుకోవాలి."

ఫోన్ పెట్టేశారు. హెడ్డు గారు ఆ రాత్రి ఏమన్నారో చెబుదామని ఆశీర్వాదం నోరు తెరిచాడు. ఏమన్నారని చెబుతాడు? దొంగ రీడింగ్ రాయమన్నారా? అనలేదు. నువ్వు చూసుకో అన్నారు, అంతే. ఎవరైనా వింటే ఎంత మంచి మాట! ఇన్నేళ్ళుగా ఆ పెద్దమనిషి తనకి ఏమీ చెప్పకుండానే అన్నీ చేయించుకున్నాడని ఆయనకి అప్పటికి తెలిసొచ్చింది. తెలిసి ఏం లాభం, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

హరిచందన ఇంగ్లీషులో నాలుగు లైన్లు రాసింది. తెలుగులో చదివి వినిపించింది. తణుకు నుంచి పంపిన సమయాలు చూసి నమోదు చేసినవి కావు, లెక్కకట్టి రాసినవి, ఆ రిపోర్టును వెనక్కి తీసుకుంటున్నాను. కింద సంతకానికి చోటు. ఆశీర్వాదం కళ్ళజోడు పెట్టుకుని, మోకాలి మీద అట్ట పెట్టుకుని, పూర్తి పేరు రాసి సంతకం చేశాడు. చెయ్యి వణకలేదు. ఆయన చెయ్యి ఎప్పుడూ వణకదు.

రూతు గుమ్మంలోంచి అడిగింది. "ఇది కూడా అచ్చేస్తారా అమ్మా?"

"వేస్తారండి. ప్రపంచంలో ఆ పేపరు ఎవరు తీసినా ముందు ఇదే కనబడుతుంది."

"ఈయన పేరు వేసేనా?"

హరిచందన కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. "ఈయన పేరొక్కటేనండి," అంది.